నాలుగు ముక్కలు ఊరికే రావు

తెలుగునాట అతి చవకగా దొరికే వస్తువేదని ఎవరైనా పోటీ పెడితే మొదటి బహుమతి నాకే రావాలి. జవాబు నాకు కంఠతా వచ్చు. ఉప్పుకు ధర ఉంది. చింతపండుకు ఉంది. మా గుంతకల్లులో ఎండాకాలం నీళ్ళ ట్యాంకరు ఎంతకొస్తుందో చిన్నపిల్లల్ని అడిగినా చెబుతారు. ధర లేనిదల్లా ఒక్కటే. ‘ఓ నాలుగు ముక్కలు రాసిపెట్టండి’ అంటారు చూడండీ, ఆ నాలుగు ముక్కలు.

అడిగేటప్పుడు అవి నాలుగే. కూర్చుని రాయబోతే నాలుగు పేజీలవుతాయి. దిద్దించుకోవటానికి నాలుగుసార్లు తిరుగుతారు. తీరా డబ్బు మాట వచ్చేసరికి మళ్ళీ నాలుగు ముక్కలే అయిపోతాయి. ‘నాలుగు ముక్కలకు డబ్బేమిటండీ!’ అని నొచ్చుకుంటారు. ఇంత తొందరగా లావెక్కి, ఇంత తొందరగా చిక్కిపోయే వస్తువును నేను మరొకదాన్ని చూడలేదు.

ఈ ముక్కల కోసం వచ్చేవాళ్ళు చెడ్డవాళ్ళేమీ కారు. మర్యాదస్తులు, మనకు కావలసినవాళ్ళు. పదవీ విరమణ చేస్తున్న రైల్వే ఉద్యోగికి సన్మానపత్రం కావాలి. గుడి జీర్ణోద్ధారణకు స్థలపురాణం కావాలి. ప్రైవేటు బడి వార్షికోత్సవానికి ప్రత్యేక సంచిక కావాలి. అందులో కరస్పాండెంటు గారి సందేశం కావాలి. అది కరస్పాండెంటు గారే రాసినట్టుండాలి. ప్లాట్ల వ్యాపారికి కరపత్రం కావాలి. చోటా నాయకుడికి జీవితచరిత్ర కావాలి, అదీ ఎన్నికలలోపల కావాలి. ‘నీకిదెంత పనక్కా! కాఫీ తాగేలోపల రాసిచ్చేస్తావు’ అంటారు. ఆ కాఫీ కూడా మా ఇంటిదే.

పదవీ విరమణ సభ ఖర్చు చూడండి. షామియానాకు డబ్బు. కుర్చీలకు డబ్బు. భోజనాలకు, దండలకు, ఫ్లెక్సీకి, ఫొటోలకు, వీడియోకు డబ్బు. సన్మానపత్రం కంపోజు చేసిన డీటీపీ కుర్రాడికి పేజీకింత. అచ్చుకింత. ఫ్రేము కట్టినవాడికింత. ఆ ఫ్రేములో అక్షరాలు తప్ప మరేమీ లేవు గదా, ఆ అక్షరాలు రాసినవాళ్ళకేమిటి? శాలువా! నలభై డిగ్రీల ఎండకాసే ఊళ్ళో శాలువా కప్పుతారు. రాయలసీమ రచయితల ఇళ్ళల్లో ఉన్న శాలువాలన్నీ పోగేస్తే కాశ్మీరులో ఒక చలికాలం గడిచిపోతుంది. కిరాణా కొట్టువాడు మాత్రం శాలువాకు కందిపప్పు ఇవ్వడు. నా మాట నమ్మండి.

మా ఊరు రైల్వే జంక్షను. ఎర్రచొక్కా పోర్టరు పెట్టె నెత్తిన పెట్టుకునే ముందే బేరం తేలాలి. బరువుకింత అని రైల్వేవారే రేటు నిర్ణయించారు. ‘నాయనా, ఈ పెట్టె మోస్తే నీకు మంచి పేరొస్తుంది. రేపటినుంచి నలుగురూ నిన్నే పిలుస్తారు’ అని ఏ ప్రయాణికుడైనా పోర్టరుతో అంటాడా? అన్నాడే అనుకోండి. పెట్టె ప్లాట్‌ఫారం మీదే ఉంటుంది, రైలు మాత్రం బళ్ళారి వెళ్ళిపోతుంది. రచయిత దగ్గరికొచ్చి మాత్రం ఈ మాటే, ఈ చిరునవ్వుతోనే అంటారు.

ఈ పనికి ఇంగ్లీషులో ఒక గొప్ప పేరుంది. ఫ్రీలాన్సింగ్. అందులో ‘ఫ్రీ’ అని ఉండటం మా ప్రాణానికొచ్చింది. ఉచితం కాబోలనుకుంటున్నారు. అసలు సంగతేమిటంటే, ఆ మాట 1819లో వచ్చిన వాల్టర్ స్కాట్ నవల ‘ఐవన్‌హో’లో కిరాయి సైనికుల గురించి వాడింది. ‘లాన్స్’ అంటే బల్లెం. ఏ ప్రభువుకూ కట్టుబడి ఉండక, ఒప్పుకున్న కూలికి ఒప్పుకున్న పక్షాన నిలబడే బల్లెం. స్వేచ్ఛ బల్లేనిది, ధర విషయంలో ఏ స్వేచ్ఛా లేదు. పాళెగాళ్ళ సీమలో పుట్టిన మనకు ఇది ఒకరు చెప్పాలా? బంట్లకు తిండీ బత్తెమూ పెట్టకుండా ఏ పాళెగాడు కోట నిలబెట్టుకున్నాడు?

‘అబ్బే, అదంతా దొరల గొడవ. మన కవులు డబ్బు అడిగేవాళ్ళు కారు’ అంటారా? మా ఊరినుంచి బళ్ళారి మీదుగా ఒక పూట ప్రయాణంలో హంపీ ఉంది. అక్కడ కృష్ణదేవరాయల సభలో ఉన్న అల్లసాని పెద్దన పేర ఒక చాటుపద్యం ప్రచారంలో ఉంది. కావ్యం రాయాలంటే తనకేమేం కావాలో అందులో వరసగా చెప్పాడాయన. ఎవరూ విసిగించని చోటు, మనసైన దూతిక చేత కర్పూర తాంబూలం, రుచిగా భోజనం, ఊగే మంచం, మంచిచెడ్డలు తెలిసిన రసికులు, చెప్పింది చెప్పినట్టు గ్రహించే లేఖకులు. ఇవన్నీ అమరితే రాస్తాను, లేకపోతే వల్లకాదన్నాడు. మనం బడిలో దాన్ని రసికత కింద చదువుకున్నాం. నేనైతే దాన్ని తెలుగులో మొదటి ఒప్పంద పత్రం అంటాను. పని మొదలుపెట్టకముందే షరతులు చెప్పిన పెద్దమనిషి ఆంధ్రకవితా పితామహుడయ్యాడు. గండపెండేరమూ తొడిగించుకున్నాడు. షరతులు చెప్పినందుకు ఆయన పరువేమీ పోలేదు.

ఆ రాజులు పోయారు. తరవాత మన సాహిత్యాన్ని పోషించిందెవరు? పాఠకులా, ప్రచురణకర్తలా? నా లెక్కన ఒకటో తారీకు పోషించింది. ‘గాలివాన’ కథతో 1952లో ప్రపంచ కథల పోటీలో బహుమతి తెచ్చిన పాలగుమ్మి పద్మరాజు కాలేజీలో రసాయన శాస్త్రం చెప్పారు. రావిశాస్త్రి వకీలు. బుచ్చిబాబుది రేడియో ఉద్యోగం. కొమ్మూరి వేణుగోపాలరావు డాక్టరు. మా జిల్లా సంగతే తీసుకోండి. ‘పెన్నేటి పాట’ రాసిన విద్వాన్ విశ్వం పత్రికా సంపాదకుడు. సింగమనేని నారాయణ తెలుగు మాస్టారు. ‘పంచమం’ రాసిన చిలుకూరి దేవపుత్ర రెవెన్యూ శాఖ. ‘శప్తభూమి’కి 2019లో కేంద్ర సాహిత్య అకాడమీ బహుమతి అందుకున్న బండి నారాయణస్వామి కూడా బడిపంతులే. పగలంతా ఉద్యోగం చేసి, రాత్రిళ్ళు దీపం దగ్గర కూర్చుని రాసిన ఆ పెద్దలందరికీ నమస్కారం.

కానీ ఈ జాబితాలో లేనివాళ్ళెవరో కూడా చూడాలి గదా. జీతం లేనివాళ్ళు లేరు. పొలం ఎండిపోయి వలసపోయిన ఇంటి కుర్రాడు లేడు. బీడీలు చుట్టే ఇల్లాలు లేదు. వాళ్ళ దగ్గర కథలు లేకనా? ఉన్నవన్నీ వాళ్ళ దగ్గరే ఉన్నాయి. రాస్తే పొయ్యి వెలగదు కాబట్టి రాయలేదు. రాసిన పుస్తకాలకు సూచిక వేస్తాం. రాయకుండా పోయిన పుస్తకాలకు సూచిక ఎవరు వేస్తారు?

అందుకే జీతమూ పెన్షనూ ఉన్న పెద్దమనుషులు వేదికలెక్కి ‘నాకు డబ్బు ముఖ్యం కాదండీ, అక్షరసేవ ముఖ్యం’ అంటుంటే నాకు ఒళ్ళు మండుతుంది. మీకు ముఖ్యం కాకపోతే తీసుకుని గ్రంథాలయానికి ఇవ్వండి. తీసుకోకుండా మాత్రం ఉండకండి. మీరు వద్దన్న ప్రతిసారీ మీ వెనక వరసలో నిలబడ్డ నిరుద్యోగి కూలి తగ్గుతుంది. ‘అంత పెద్దాయనే ఊరికే రాసిచ్చాడు, నువ్వెంత?’ అని వాణ్ణి అడుగుతారు. మీ ఔదార్యానికి ఖర్చు పెట్టుకునేది వాడు.

ఇక రాసేది ఆడదైతే మరీ సులువు. ‘మీవారికి ఉద్యోగముంది గదా మేడమ్, మీకెందుకు?’ అంటారు. మావారి జీతం మావారు చేసిన పనికి. దాంతో నా పనికి చెల్లుచీటీ రాసెయ్యటం ఏ లెక్క? ఇదే ప్రశ్న లేడీ డాక్టరు దగ్గర ఫీజు కట్టేటప్పుడు అడుగుతారా? కుట్టుమిషను పెట్టుకున్న మా వీధి దర్జీ అమ్మను అడిగి చూడండి, కత్తెర చూపిస్తుంది.

1960ల నుంచి రెండు దశాబ్దాలపాటు తెలుగు వారపత్రికలూ మాసపత్రికలూ ఎవరి ధారావాహికల మీద నడిచాయో పాఠకులకు నేను చెప్పక్కరలేదు. యద్దనపూడి సులోచనారాణి ‘సెక్రటరీ’ పత్రికలో సీరియల్‌గా వచ్చి, పుస్తకమై, 1976లో సినిమా కూడా అయింది. మాదిరెడ్డి సులోచన, రంగనాయకమ్మ వంటివారి పేరు ముఖచిత్రం మీద ఉంటే ఆ వారం పత్రిక దొరికేది కాదు. ఆడవాళ్ళ రచనలకున్న గిరాకీ చూసి కొందరు మగరచయితలు ఆడపేర్లు పెట్టుకుని మరీ రాశారు. అప్పుడు కూడా విమర్శకులు ‘వంటింటి సాహిత్యం’ అని మూతి విరిచారు. ఆ వంటింటి ఆదాయంతో కాగితం కొని, విమర్శకుల వ్యాసాలు అచ్చేసిన సంగతి ఎవరూ చెప్పలేదు.

ఆ పత్రికలు ఒక్కొక్కటే వెళ్ళిపోయాయి. ఆంధ్రపత్రిక 1991లో ఆగింది. నవ్య వీక్లీ 2020లో, కరోనా కాలంలో ఆగింది. 1978 నుంచి వస్తున్న విపుల, చతుర 2021లో ఆగిపోయాయి. నెలకో నవల అచ్చేసే పత్రిక పోవటమంటే ఏడాదికి పన్నెండుమందికి అందే పారితోషికం పోయినట్టు.

పత్రికలు తగ్గాయి గనుక రాసేపని తగ్గిందనుకునేరు. పని పదింతలైంది! యూట్యూబు ఛానళ్ళకు స్క్రిప్టులు, టీవీ సీరియళ్ళకు సంభాషణలు, ఫోనులో వినే కథలు, యాప్‌లలో రోజుకో భాగం నవలలు, డబ్బింగు సినిమాలకు మాటలు, ఆస్పత్రుల ప్రకటనలు. ఒక్క గదీ ఒక్క కెమెరా ఉన్న ఛానలు ఇప్పుడు తాలూకాకొకటుంది. అన్నిటికీ మొదట కావలసింది ఆ నాలుగు ముక్కలే.

మా వీధిలో డిగ్రీ చదివిన అమ్మాయి ఒకతె ఒక ఛానలుకు ముప్ఫైదాకా స్క్రిప్టులు రాసింది. కెమెరా కుర్రాడికి రోజుకింత. ఎడిటింగు చేసేవాడికి వీడియోకింత. నటించినవాళ్ళకు బిర్యానీ, బస్సు చార్జీ. ఈ పిల్లకు? ‘ఎక్స్‌పీరియన్సొస్తుంది. వ్యూస్ పెరగనీ, చూద్దాం.’ వ్యూస్ పెరిగాయి. చూసినవాళ్ళు లేరు. ఇప్పుడా పిల్ల చీరల అంగట్లో పనిచేస్తోంది. ‘ఇప్పుడేమన్నా రాస్తాండావా?’ అని అడిగితే నవ్వింది. ‘రాసేదానికన్నా మడిచేదానికి దుడ్లెక్కువక్కా’ అంది. దీనికి జవాబు నా దగ్గర లేదు. ఆ ఛానలు యజమాని దగ్గర ఉండాలి. తెలుగులో రాసేవాళ్ళే లేరని ఊరూరా సభలు పెట్టి విచారించేవాళ్ళ దగ్గరా ఉండాలి.

డబ్బివ్వకుండా రాయించుకుంటే నష్టం రాసేవాడికే అనుకోకండి. చదివేవాళ్ళ కొంప కూడా మునుగుతుంది. 1980ల చివర దినపత్రికలకు జిల్లా ఎడిషన్లు వచ్చాక మండలానికొక కంట్రిబ్యూటరు తయారయ్యాడు. ప్రతి ఊళ్ళోనూ మొట్టమొదటి ఫ్రీలాన్సు రచయిత అతడే. జీతం లేదు, అచ్చయిన వార్తను స్కేలు పెట్టి కొలిచి ‘లైన్ అకౌంటు’ ఇస్తారు. ఆ డబ్బు పెట్రోలుకు చాలదు. పైగా ప్రకటనలు కూడా నువ్వే తేవాలంటారు. వార్త ఎవరి గురించి రాయాలో, ప్రకటన కూడా వాళ్ళ దగ్గరే అడగాలి! రాతకు కూలి సరిగా ఇవ్వకపోతే రాయకుండా ఉన్నందుకు కూలి ఇచ్చేవాళ్ళు తయారవుతారు. 2009 ఎన్నికల తరవాత డబ్బుకు అమ్ముడైన వార్తల మీద ప్రెస్ కౌన్సిల్ ఇద్దరు సభ్యులతో విచారణ చేయించింది. ఆ ఇద్దరిలో ఒకరు మన తెలుగు పాత్రికేయుడే, కె. శ్రీనివాస్ రెడ్డి; రెండోవారు పరంజయ్ గుహా ఠాకుర్తా. ఆ రోగానికి కారణాలు చాలా ఉన్నాయి. కింది మెట్టు మీదవాడికి కడుపు నిండకపోవటం కూడా అందులో ఒకటి.

సరే, ఏం చెయ్యాలంటారు? చాలా దూరం పోనక్కరలేదు. మా కరువు సీమలో రైతునడిగితే చెబుతాడు. ఇక్కడ వేరుశెనగ వేస్తారు, బోరూ వేస్తారు. వేరుశెనగ రైతు తనంతట తాను వేసేది. వాన వస్తే పంట, లేకపోతే పశువుల మేత. ఎవరినీ అనటానికి లేదు. బోరు అలా కాదు. బోరు బండివాణ్ణి మనమే పిలుస్తాం. అడుగుకింత అని ముందే మాట్లాడుకుంటాం. కేసింగు పైపుకు వేరే లెక్క. మూడొందల అడుగులు దాటితే రేటు పెరుగుతుందని ముందే చెబుతాడు. నీళ్ళు పడ్డా, దుమ్ము లేచినా తవ్విన అడుగులకు డబ్బు లెక్కపెట్టి తీసుకునే బండి కదిలిస్తాడు. ‘నీళ్ళు పడితే ఇస్తాలే’ అంటే ఆ బండి మీ పొలం గట్టు కూడా ఎక్కదు.

రచనలో కూడా ఈ రెండూ ఉన్నాయి. నేను నా ఇష్టం కొద్దీ రాసి పత్రికకు పంపిన కథ వేరుశెనగ. వేసుకున్నారా, సంతోషం, తిప్పి పంపారా, నా ఖర్మ. అందులో తగువు లేదు. మీరు ఇంటికొచ్చి, ఫలానా విషయం మీద, ఫలానా నిడివిలో, ఫలానా తారీకులోపల రాయమని అడిగితే అది బోరు. రాశాక మీ సంచిక ఆగిపోయిందనో, నాయకుడు పార్టీ మారాడనో, ప్లాట్లకు గిరాకీ లేదనో మీరు వాడుకోకపోతే అది మీ పొలం సంగతి. నేను తవ్విన అడుగులు తవ్వినవే. తెలుగునాట జరుగుతున్న అన్యాయమంతా ఈ ఒక్క చోటే ఉంది. బోరు వేయించుకుని వేరుశెనగ లెక్క చెబుతున్నారు.

ఇదేదో రచయిత్రి గొంతెమ్మ కోరిక అనుకునేవాళ్ళకు చట్టం ఏమంటోందో చెబుతాను. 1957 నాటి కాపీరైటు చట్టం ప్రకారం జీతం మీద పనిచేసే ఉద్యోగి పత్రిక కోసం రాసిన దానికీ, బయటినుంచి రాసిన దానికీ తేడా ఉంది. బయటినుంచి రాసినవాళ్ళ రచనకు మొదటి యజమాని రచయితే. హక్కులు మీకు రావాలంటే కాగితం మీద రాసి సంతకం చేయించుకోవాలి. నోటిమాట చెల్లదు. ఎంతకాలానికో ఆ కాగితంలో రాయకపోతే అయిదేళ్ళకే. ఎంత ప్రాంతానికో రాయకపోతే భారతదేశం వరకే. హక్కులన్నీ అమ్మేసినా ‘ఇది నేను రాసింది’ అని చెప్పుకునే హక్కు రచయిత దగ్గరే ఉంటుంది. 2012లో చట్టాన్ని సవరించారు. అందుకు రాజ్యసభలో జావేద్ అఖ్తర్ గట్టిగా నిలబడ్డారు. సినిమా పాటలు రాసినవాళ్ళకు ఆ పాట వేరేచోట్ల సంపాదించే డబ్బులో వాటా ఉండితీరాలన్నది ఆ సవరణ. పార్లమెంటుకు అర్థమైన ముక్క మన సావనీర్ కమిటీకి అర్థం కాకపోవటమేమిటి?

రాయించుకునే మహాశయులకు నా మనవి ఒకటే. మీ ఇంటి శుభలేఖకు ఇచ్చినంత వివరం రచయితకూ ఇవ్వండి. ఎన్ని మాటలు, ఏ తారీకు, ఎంత డబ్బు, ఎప్పుడిస్తారు, పేరు ఎవరిది, ఎన్నిసార్లు దిద్దాలి. ఇవన్నీ ఒక కాగితం మీదో, ఫోనులో ఒక మెసేజీగానో ఉంటే చాలు. మూడోసారి దిద్దటమంటే మూడొందల అడుగులు దాటినట్టే, రేటు మారుతుంది. కొంత బయానా ఇవ్వండి. ‘నమూనాకు ఒకటి రాయండి, బాగుంటే చూద్దాం’ అని పదిమంది చేత రాయించుకుని, పదీ వాడుకుని, పదిమందికీ నమస్కారం పెట్టేవాళ్ళున్నారు. నమూనా కావాలంటే అచ్చయినవి చదవండి. లేకపోతే నమూనాకు కూడా డబ్బివ్వండి. తక్కువ ఇవ్వగలిగితే తక్కువని చెప్పండి. దాంట్లో సిగ్గేమీ లేదు. చెప్పకుండా శాలువా దాచిపెట్టుకు రావటంలోనే సిగ్గంతా ఉంది.

రాసి బతకాలనుకునే చిన్నవాళ్ళకూ రెండు మాటలు. ఒక్క పత్రికనో ఒక్క ఛానలునో నమ్ముకుని ఉద్యోగం మానకండి. కనీసం మూడు దిక్కులనుంచి పని వచ్చేదాకా ఓపిక పట్టండి. మా జంక్షనుకు నాలుగు దిక్కులనుంచీ బళ్ళొస్తాయి కాబట్టే ఒక లైను మూసేసినా ఊరు నిలబడుతుంది. కథ ఒక్కటే కాదు. అనువాదం, ప్రూఫులు దిద్దటం, సంభాషణలు, ప్రకటనలు, అన్నీ నేర్చుకోండి. శ్రీశ్రీ అంతటివాడు 1950లో ‘ఆహుతి’ డబ్బింగు చిత్రానికి పెదవుల కదలికలకు సరిపడా మాటలూ పాటలూ రాశాడు. అందువల్ల ఆయన మహాకవి కాకుండా పోలేదు. ఒక ఖాతా పుస్తకం పెట్టుకోండి. ఎవరికి ఏమిచ్చారు, ఎంత రావాలి, ఎన్నాళ్ళయింది. పాలవాడికి ఉన్నపాటి ఖాతా మనకు లేకపోతే ఎలా? చెప్పిన తారీకుకు ఇవ్వండి. అబద్ధపు జీవితచరిత్రకు డబ్బిస్తామన్నా రాయనని చెప్పగలిగే ధైర్యం వచ్చేది ఈ ఖాతా నిండుగా ఉన్నప్పుడే. ఆకలిగా ఉన్న కలం ఎవరికీ ఎదురు చెప్పలేదు.

‘సరస్వతిని అమ్ముకుంటారా?’ అని అడిగేవాళ్ళు ఎప్పుడూ ఉంటారు. పోతన పేరెత్తుతారు. పోతనగారు రాజుకు అంకితమివ్వనన్నాడని చెప్పుకుంటాం. అంటే తనకిష్టం లేనివాడికి రాసివ్వనన్నాడు. మీ సావనీరుకు ఉచితంగా రాసిస్తానని ఎక్కడా అనలేదు. నిజంగా డబ్బులేని చిన్న పత్రికలు నడిపేవాళ్ళున్నారు. సొంత జీతం పెట్టి అచ్చేసి, పోస్టు ఖర్చులు కూడా తామే భరించేవాళ్ళున్నారు. వాళ్ళడిగితే నేను మారుమాట లేకుండా రాసిస్తాను. అక్కడ అందరూ ఊరికే పనిచేస్తున్నారు, నేనూ వాళ్ళలో ఒకదాన్ని. పందిట్లో అందరికీ విస్తరి వేసి నన్నొక్కదాన్నే ఉపవాసం ఉండమంటేనే నాకు అభ్యంతరం.

కొత్తగా ఇంకో బెదిరింపు బయల్దేరింది. ‘మీరడగటం మొదలుపెడితే ఆ పనేదో కంప్యూటరే చేసేస్తుంది మేడమ్’ అంటున్నారు. 2022 చివర్లో చాట్‌జీపీటీ వచ్చినప్పటినుంచీ వింటున్నాను. 2023లో అమెరికాలో సినిమా, టీవీ రచయితలు 148 రోజులు సమ్మె చేశారు. వాళ్ళ తగువుల్లో ఇదీ ఒకటి. శుభం, రాయించుకోండి. నాకు కోపం లేదు. కానీ అలా రాయించుకున్న సన్మానపత్రం పట్టుకుని ఒకాయన మళ్ళీ మా ఇంటికే వచ్చాడు. గుంతకల్లులో ముప్ఫై ఏళ్ళు రైళ్ళు నడిపిన మనిషిని అందులో ‘సముద్ర తీరపు మలయమారుతం’ అని పొగిడారు. మా ఊరికి సముద్రం ఎంత దూరమో మీకు తెలుసు. ‘కొంచెం సరిచేసియ్యక్కా, రెండు ముక్కలే’ అన్నాడు. చూశారా! నాలుగు ముక్కలు కాస్తా రెండుకు దిగాయి.

నేను ఆయనకు రేటు చెప్పాను. రెండు ముక్కలకూ, కాఫీకీ కలిపి. కాసేపు నావంక చూసి, జేబులోంచి డబ్బు తీసి ఇచ్చాడు. ఆకాశం విరిగి పడలేదు. పైగా ఆ సభలో నేను రాసిన ముక్కలు ఒకటికి రెండుసార్లు చదివించారట. డబ్బు పెట్టి కొన్న వస్తువు గదా!

ఈ వ్యాసం అడిగినప్పుడు సంపాదకులు ‘ఓ నాలుగు ముక్కలు’ అనలేదు. ఎన్ని మాటలు, ఏ తారీకు, ఎంత పారితోషికం, మూడు సంగతులూ ఒక్క ఉత్తరంలో రాశారు. అందుకే గడువుకు రెండు రోజుల ముందే పంపుతున్నాను. మిగతావాళ్ళు కూడా ఒకసారి ఇలా అడిగి చూడండి. రచయితలు ఇంత బుద్ధిగా పనిచేస్తారా అని మీకే ఆశ్చర్యం వేస్తుంది.